నడిగడ్డ మీద ఒట్టు

పోయిన మాఘంలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి చీరలు తీసుకుందామని గద్వాల బయలుదేరాను. నాగర్‌కర్నూల్లో పొద్దున్నే బస్సెక్కి, వనపర్తిలో దిగి, ఓ కప్పు టీ తాగి మరో బస్సు పట్టుకున్నాను. చీరలకని వెళ్ళినదాన్ని చీరల గురించి రాయకుండా ఈ యుద్ధాల గొడవేమిటని మీరు అడగొచ్చు. ఏం చెయ్యను, ఆ దారి అలాంటిది! బీచుపల్లి దగ్గర వంతెన మీదికి రాగానే బస్సులోని ఆడవాళ్ళమందరం అలవాటు ప్రకారం కృష్ణకు దణ్ణం పెట్టుకున్నాం. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి, ఓ రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరి, "ఇగ నడిగడ్డ మీదికొచ్చినం" అంది.

నడిగడ్డ! ఎంత చక్కని మాట! పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమనున్న గడ్డ కాబట్టి నడిగడ్డ. గద్వాల, అలంపురం ఆ నేలకు తూర్పు కొసన ఉన్నాయి. అలంపురం దాటాక రెండు నదులూ ఒకటైపోతాయి. పడమటికి వెళితే అదే నేల రాయచూరు మీదుగా ముద్గల్ దాకా సాగుతుంది. మన చరిత్ర పుస్తకాలు రాయచూరు అంతర్వేది అన్నది ఈ నేలనే. "అంతర్వేది కోసం బహమనీ సుల్తానులకూ, విజయనగర రాజులకూ తరచుగా యుద్ధాలు జరిగాయి" అని బట్టీపట్టి ఐదు మార్కులు తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకతెను. ఆ ఐదు మార్కుల జవాబులో గెలిచినవాళ్ళ పేర్లుండేవి, ఓడినవాళ్ళ పేర్లుండేవి, తారీఖులుండేవి. వాళ్ళ గుర్రాల కాళ్ళ కింద పడిన ఊళ్ళ సంగతి మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు. పరీక్షలో అడగరు కదా, మేమూ అడగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఓ నవల కోసం పాత సంగతులు వెతుకుతూ ఫెరిష్తా చరిత్ర అనువాదం తిరగేశాను. ఫెరిష్తా బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కొలువులో ఉండి, 1600 దాటిన తొలి ఏళ్ళలో దక్కను చరిత్ర రాసినవాడు. అందులో ఈ నడిగడ్డ కథ ఒకటి నా కంటబడింది. చదివాక రెండు మూడు రోజులు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఆ కథ పాటతో మొదలైంది. గుల్బర్గాలో మొదటి మహమ్మద్‌షా బహమనీ సుల్తాను. ఇటు విజయనగరంలో బుక్కరాయలు. ఒకనాడు సుల్తాను ఆనందంగా కొలువుదీరి ఉన్నాడు. ఢిల్లీనుంచి వచ్చిన గాయకులు మూడువందల మంది పాడుతున్నారు. పాట బాగుంది, మద్యం తలకెక్కింది. ఈ మూడువందల మందికీ ఇవ్వవలసిన బహుమానం విజయనగరం ఖజానా నుంచి ఇప్పించమని ఒక హుండీ రాయమన్నాడు సుల్తాను. తన ఖజానా కాదు సుమండీ, పక్కరాజు ఖజానా! మంత్రి తెలివైనవాడు. మత్తులో అన్నమాటలే అనుకుని రాసి ఊరుకున్నాడు గాని పంపలేదు. తెల్లవారి సుల్తాను, "పంపావా?" అని అడిగాడు. అడిగాక పంపక తప్పుతుందా?

బుక్కరాయలకు ఆ కాగితం చూసి ఒళ్ళు మండింది. మండదూ మరి! తెచ్చినవాణ్ణి గాడిద మీద ఎక్కించి ఊరంతా ఊరేగించి వెనక్కి తోలాడు. అక్కడితో ఊరుకోలేదు. సైన్యంతో తుంగభద్ర దాటి ముద్గల్ కోట పట్టుకున్నాడు. కోటలో ఉన్న సైనికులతో పాటు వాళ్ళ ఆడవాళ్ళనీ, పిల్లల్నీ కూడా కత్తికి ఎరచేశారని ఫెరిష్తా రాశాడు. ఇది 1366 నాటి మాట. పాట పాడినవాళ్ళెక్కడ, హుండీ రాసినవాళ్ళెక్కడ, ముద్గల్ కోటలో పొయ్యిమీద ఎసరు పెట్టుకున్న ఇల్లాలెక్కడ!

ముద్గల్ నుంచి ఒకే ఒక్కడు తప్పించుకుని గుల్బర్గాకు వెళ్ళి ఈ వార్త చెప్పాడట. సుల్తాను ఏం చేశాడో తెలుసా? అంతమంది తోటివాళ్ళ చావు కళ్ళారా చూసి కూడా బతికివచ్చిన వీడి మొహం చూడలేనంటూ, ముందు వాణ్ణి చంపించాడు. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఈ ముక్కే. పగ అనేది శత్రువుదాకా వెళ్ళకముందే మొదటి ముద్ద తన ఇంట్లోనే తింటుందన్నమాట. ఆ తర్వాత సుల్తాను ఒట్టు పెట్టుకున్నాడు, లక్షమందిని చంపేదాకా కత్తి దించనని.

ఆ ఒట్టు మాత్రం వంకలేకుండా తీర్చుకున్నాడు. కృష్ణ దాటాడు, తుంగభద్ర దాటాడు. 1367లో కౌతాళం దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. కౌతాళమంటే ఎక్కడో కాదు, మన ఆదోని పక్కన. యుద్ధంలో గెలిచాక ఊళ్ళమీద పడ్డారు. చంటిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ కూడా వదలలేదని ఫెరిష్తా దాపరికం లేకుండా రాశాడు. మొత్తం ఆ సుల్తాను ఏలుబడిలో ఐదు లక్షలమంది చచ్చారని లెక్క కూడా వేశాడు. అంత సంఖ్య నమ్మదగ్గది కాదనీ, కొలువు చరిత్రకారులు గొప్పకోసం లెక్కలు పెంచేవారనీ పండితులంటారు. గొప్పకోసం! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనిదగ్గరికే వద్దాం.

చివరికి బుక్కరాయల దూతలు సుల్తాను డేరాకు సంధికని వచ్చారు. సుల్తాను షరతు ఒక్కటే. ఆ గాయకుల డబ్బు చెల్లించాలి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దూతలు అక్కడికక్కడే చెల్లించారు. తన నోట వచ్చిన మాట వృథా కాలేదు కదా అని సుల్తాను సంతోషించాడు. అతను ప్రసన్నంగా ఉన్న ఆ అదను చూసి దూతలు ఒక మాటన్నారు. తప్పు చేసింది రాజైతే ఊళ్ళలో ఉన్న బీదాబిక్కీ ఏం చేశారు? ఆడవాళ్ళూ పిల్లలూ ఏం చేశారు? ఒకరి నేరానికి మరొకర్ని శిక్షించమని ఏ మతమైనా చెబుతుందా? సుల్తాను మొదట దైవనిర్ణయమని దాటవేశాడు. దూతలు వదలలేదు. మన రెండు రాజ్యాలూ ఎల్లకాలం పక్కపక్కనే ఉండవలసినవి. ఇకమీద ఎవరు గెలిచినా ఆయుధం పట్టని జనం జోలికి పోకూడదని ఇద్దరం మాట అనుకుందాం అన్నారు. ఆ మాట సుల్తానుకు తగిలింది. గెలిచాక ఇక ఒక్కణ్ణి కూడా చంపనని ప్రమాణం చేశాడు. తన తర్వాతివాళ్ళు కూడా దానికి కట్టుబడాలన్నాడు. అప్పటినుంచి పట్టుబడినవాళ్ళను చంపకపోవడం, ఆయుధం లేని జనం నెత్తురు చిందించకపోవడం దక్కనులో ఆచారమైందని ఫెరిష్తా రాసుకున్నాడు.

చూడండి, లక్షమందిని చంపుతానన్నదీ ఒట్టే, ఇక చంపనన్నదీ ఒట్టే. ఒకే మనిషి, ఒకే నోరు. మధ్యలో జరిగిందల్లా ఎవరో ఒకరు ఎదుట నిలబడి, "వాళ్ళేం చేశారు?" అని అడగడం.

ఇక్కడే పాఠకురాళ్ళలో చరిత్ర చదివినవాళ్ళు నన్ను నిలదీస్తారని నాకు తెలుసు. "అంతమందిని చంపాడు కాబట్టే గదమ్మా అవతలివాళ్ళు సంధికొచ్చారు! అంటే ఆ చంపడం వల్ల యుద్ధం ముగిసినట్టేగా?" అని. ఇది చిన్న ప్రశ్న కాదు. ఇప్పటికీ పెద్దపెద్ద దేశాలవాళ్ళు చెప్పేది ఇదే. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు వేసినప్పుడు చెప్పిందీ ఇదే. యుద్ధం త్వరగా ముగుస్తుంది, మొత్తంమీద ప్రాణాలు మిగులుతాయి అన్నారు. అంతకు మూడేళ్ళ ముందు, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేస్తే, జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పిల్లల్ని ఈడ్చుకుంటూ పల్లెలకు పరుగెత్తారు. అప్పుడు ఆ జపాను వాళ్ళకీ ఏదో ఒక లెక్క ఉండే ఉంటుంది. లెక్క లేనిదెవరికి?

ఆ లెక్కలో తప్పెక్కడుందో నడిగడ్డ చరిత్రే చెబుతుంది. చంపితే యుద్ధం ముగుస్తుందనుకుంటాం. ముగిసేది ఆ ఏటి యుద్ధం. చచ్చినవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకానే ఆ శాంతి.

వనపర్తి నుంచి కొల్లాపూర్ వెళ్ళే దారిలో పానగల్ అని ఊరుంది. కొండమీద పాత కోట కనిపిస్తుంది. నా చిన్నప్పుడు ఆ దారిన బస్సులో వెళుతూ ఎన్నిసార్లు చూశానో! 1417 ప్రాంతంలో ఫిరోజ్‌షా బహమనీ ముట్టడించిన పానగల్ ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. రెండేళ్ళు ముట్టడి సాగింది. సుల్తాను దండులో రోగాలు పుట్టి మనుషులూ గుర్రాలూ రాలిపోయారు. అదను చూసి విజయనగరం దేవరాయలు విరుచుకుపడ్డాడు. ఫిరోజ్‌షా ఓడిపోయాడు. ఓడినవాణ్ణి ఓడినట్టు వదిలేస్తే ఎంత బాగుండేది! యుద్ధభూమిలో తలలు పేర్చి అరుగు కట్టారట. సుల్తాను రాజ్యంలోకి చొరబడి ఊళ్ళు తగలబెట్టి, మసీదులు పడగొట్టి, కనబడినవాళ్ళనల్లా చంపారట. ఎన్నో తరాల కసి ఒక్కసారిగా తీర్చుకున్నట్టుందని ఫెరిష్తా వాపోయాడు. బుక్కరాయల దూతలు ఎదుటివాడి చేత పెట్టించిన ఒట్టును బుక్కరాయల వంశంవాళ్ళే మరిచిపోయారు.

అవతలివాళ్ళు ఊరుకుంటారా? ఫిరోజ్ తమ్ముడు అహమ్మద్‌షా 1422లో గద్దెనెక్కాడు. ఎక్కుతూనే విజయనగరం మీద దండెత్తి, ఆ పాత ఒప్పందం పక్కన పెట్టి, ఆడా మగా పిల్లా తేడా లేకుండా చంపించాడు. చచ్చినవాళ్ళ లెక్క ఇరవైవేలకు చేరినప్పుడల్లా మూడురోజులు ఆగి పండుగ చేసుకునేవాడట. ముద్గల్ మొదలు అహమ్మద్‌షా దాకా యాభై ఆరేళ్ళు. ఎవరి పగ ఎవరు తీర్చుకున్నారో, ఎవరి బాకీ ఎవరి పిల్లలు కట్టారో చెప్పగలరా?

ఫెరిష్తా చరిత్రలో నేను చూసింది ఒకటే. రాజులు ఎవరి దేవుణ్ణి వాళ్ళు మొక్కారు. చంపేటప్పుడు మాత్రం అందరూ ఒకే మాట అన్నారు. "వాళ్ళు మనవాళ్ళని చంపారు." ఈ మాటలో 'వాళ్ళు' ఎవరు? చంపినవాడి చొక్కా తొడుక్కున్నవాళ్ళా, చంపినవాడి దేవుణ్ణి కొలిచేవాళ్ళా, చంపినవాడి ఊళ్ళో ఉన్నవాళ్ళా? చంపినవాడు అంటే ఒక మనిషి. వాళ్ళు అంటే ఎంతమందైనా అందులో పడతారు.

ఇదంతా ఆరువందల ఏళ్ళ కిందటి ముచ్చట కదా అనుకుని నేనూ పుస్తకం మూసేసేదాన్నే. కానీ ఆ దూతల మాట చదివినప్పుడు, అచ్చం అదే మాట ఎక్కడో విన్నానే అనిపించింది. విన్నది మా అమ్మమ్మ నోట.

మా అమ్మమ్మది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. 1948లో ఆమెకు పద్దెనిమిదేళ్ళు, ఒళ్ళో నెలల పిల్ల. ఆ రోజులు ఎలాంటివో పాలమూరు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. 1947 అక్టోబరులో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో నిజాం పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. అంతకు నెల ముందే, సెప్టెంబరు 2న, పరకాలలో జెండా పట్టుకున్నవాళ్ళను కాల్చేశారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైనికులు కలిసి బైరాన్‌పల్లిలో వందమంది దాకా పొట్టనబెట్టుకున్నారు. మా ఊళ్ళో అంత ఘోరం జరగలేదు గాని, రజాకార్ల దండు వచ్చి వసూళ్ళు చేసేది. ఇవ్వనన్నందుకు మా తాతయ్య అన్నగారిని కట్టేసి కొట్టారు. ఆయన చనిపోయేదాకా ఎడమచెయ్యి పైకి లేచేది కాదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది. 17కల్లా నిజాం లొంగిపోయాడు. ఐదురోజుల్లో ఐపోయిన యుద్ధం. మనం దాన్ని యుద్ధమని కూడా అనం, పోలీసు చర్య అంటాం. మేం చదువుకున్న పుస్తకాలు అక్కడితో ఆ అధ్యాయం ముగించేవి. జనానికి మాత్రం అక్కడితో ముగియలేదు. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత వారాల్లోనూ ఎన్నోచోట్ల ముస్లిములమీద పడ్డారు. రజాకార్లు దొరికితే రజాకార్లు, దొరక్కపోతే వాళ్ళ మతంవాళ్ళు. సంగతి తెలుసుకుని రమ్మని భారత ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. వాళ్ళు నవంబరు 29 నుంచి డిసెంబరు 21 దాకా తొమ్మిది జిల్లాలు తిరిగారు. తక్కువలో తక్కువగా చూసినా ఇరవై ఏడువేల నుంచి నలభైవేలమంది ప్రాణాలు పోయాయని రాశారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో మరీ ఘోరమన్నారు. రజాకార్ల దౌర్జన్యాలనూ రాశారు, కొన్నిచోట్ల సైనికులు కూడా ఈ లూటీలకు ఊతమిచ్చారనీ రాశారు. ఆ నివేదికను అప్పటి పెద్దలు ఒప్పుకోలేదు. దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 1988లో కొన్ని భాగాలు ఒక పుస్తకంలో అచ్చయ్యాయి. 2013 నాటికి గాని ఢిల్లీలోని నెహ్రూ గ్రంథాలయంలో చూడటానికి వీలుపడలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ అవసరం. ఫెరిష్తా కాలంలో చచ్చినవాళ్ళ లెక్క పెంచి రాసుకున్నారు. మన కాలంలో ఆ లెక్క బీరువాలో పెట్టి తాళం వేశారు. అది గొప్ప, ఇది సిగ్గు. సిగ్గుపడటం నేర్చుకున్నామంటే, ఆ ఒట్టు ఏదో మూల మనలో ఇంకిందనే అనుకోవాలి. కానీ సిగ్గుపడి దాచుకున్నంతలో బాకీ తీరదు కదా!

మా అమ్మమ్మ కథకు వస్తాను. ఆ రోజుల్లో ఒక రాత్రి మా ఇంటి పెరటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే వీధి చివరింటి ఆవిడ. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఒక పిల్లవాడు. ఆమె మొగుడు రజాకార్లలో తిరిగినవాడు. మా పెద్ద తాతయ్యను కట్టేసిన రోజున ఆ గుంపులో అతనూ ఉన్నాడు. సైన్యం వస్తోందనగానే పెళ్ళాన్నీ పిల్లల్నీ వదిలేసి ఎటో పారిపోయాడు. మా అమ్మమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ఆ ముగ్గుర్నీ వడ్లగదిలోకి తీసుకుపోయి బయట గడియ పెట్టింది. నాలుగు రాత్రులు అక్కడే ఉంచింది. గది ముందు తన ఉయ్యాల కట్టుకుని కూర్చుంది. లోపల పిల్ల ఏడిస్తే, తన పిల్లను గిల్లి ఏడిపించేదట, ఎవరికీ అనుమానం రాకుండా.

"ఎట్లా దాచావు అమ్మమ్మా? పెద్ద తాతయ్యను కొట్టినవాడి పెళ్ళాం కదా!" అని మా అమ్మ అడిగితే, ఆమె చెప్పిన జవాబు నాలుగు మాటలు. "వాడు చేసిండు. ఆమె చెయ్యలె." ఎవరూ చెప్పిన మాట కాదు, ఏ పుస్తకంలో చదివిందీ కాదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. సుల్తాను డేరాలో దూతలు ఎంతో నేర్పుగా, ఎంతో భయపడుతూ చెప్పిన మాటే అది.

కథ ఇక్కడితో ఆపేస్తే మా అమ్మమ్మ దేవత అయిపోతుంది. ఆమె ఆపనివ్వలేదు. మా అమ్మ పోయాక, ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాతో ఇంకో సంగతి చెప్పింది. ఆ రాత్రి తలుపు దగ్గరికి వచ్చింది ముగ్గురు కాదు, నలుగురు. ఆవిడ తమ్ముడొకడు వెనక నిలబడి ఉన్నాడు. పదహారో, పదిహేడో ఉంటాయి.

"వాణ్ణి రానియ్యలె బిడ్డా" అంది. "మూతిమీద అప్పుడే మీసం వస్తున్నది. ఆడోళ్ళు, పిల్లలైతే ఏదో ఒకటి చెప్పి ఊకుండబెట్టొచ్చు. మీసమొచ్చినోడు కనబడితే ఇల్లు తగలబెడ్తరు. నా ఒళ్ళ పిల్ల ఉన్నది. వాడు నా మొకం దిక్కు చూసిండు. ఏమనలె. చేన్లదిక్కు పోయిండు." కాసేపు ఊరుకుని మళ్ళీ అంది. "నాలుగు దినాలు ఉన్నది గదా ఆమె, తమ్ముని సంగతి నన్ను ఒక్క మాట అడగలె. అడిగితే మంచిగుండు."

ఆ పిల్లవాడు కత్తి పట్టాడో లేదో అమ్మమ్మకు తెలియదు. ఆమెను భయపెట్టింది అతను చేసిన పని కాదు, మూతి మీద మీసం. యుద్ధాల్లో అందరూ చెప్పే మాట, "ఆడవాళ్ళూ పిల్లలూ అమాయకులు" అని. నిజమే. మరి చేతిలో ఏమీ లేకుండా నిలబడ్డ మగపిల్లాడో? అతని వంతుకు ఎవరూ నోరు విప్పరు. మన పెద్దలకు ఈ ఆలోచన లేకపోలేదు. మనుస్మృతిలో నిద్రపోతున్నవాణ్ణి, కవచం లేనివాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి, యుద్ధం చేయకుండా చూస్తూ నిలబడ్డవాణ్ణి చంపకూడదని ఉంది. అందులో ఆడా మగా వయసూ ప్రసక్తి లేదు, చేతిలో ఆయుధం ఉందా లేదా అన్నదే. నడిగడ్డ ఒట్టూ అంతే. కురుక్షేత్రం ముందు రెండు పక్షాలవాళ్ళూ ఇలాంటి నియమాలే పెట్టుకున్నారు. ఆ తర్వాత అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవుల గొంతులు కోశాడు. ఐదుగురు కొడుకులూ పోయిన ద్రౌపది, అతన్ని కట్టి తెచ్చి ఎదుట నిలబెట్టినప్పుడు, నాలాగే వీడి తల్లి కూడా ఏడవకూడదని విడిచిపెట్టమంది. పోతన భాగవతంలో ఆ ఘట్టం చదివి కంటతడి పెట్టని ఆడది మన తెలుగునాట ఉంటుందా? ద్రౌపది చంపినవాణ్ణే వదలమంది. మనల్ని అంత అడగడం లేదు ఎవరూ. చంపనివాణ్ణి వదలమని మాత్రమే.

ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఈ మాటను కాగితం మీద పెట్టడానికి 1949 ఆగస్టు 12 దాకా పట్టింది. ఆ రోజు జెనీవాలో కుదిరిన నాలుగో ఒప్పందం యుద్ధంలో మామూలు జనాన్ని కాపాడటానికి చేసినది. మా అమ్మమ్మ వడ్లగదికి గడియ పెట్టిన ఏడాదికి. 1977లో దానికి మరికొంత చేర్చారు. ఒక మనిషి సైనికుడా, మామూలు పౌరుడా అన్న సందేహం వస్తే, పౌరుడిగానే ఎంచాలని అందులో ఉంది. అది చదివినప్పుడు నాకు చేన్లదిక్కు పోయిన ఆ పిల్లవాడే కళ్ళముందు నిలిచాడు. సందేహంలో ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వాలి. రాయడానికి ఒక్క వాక్యమే. తలుపు దగ్గర పసిపిల్లతో నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ పిల్లకు అదెంత బరువో, కాగితం రాసినవాళ్ళకు తెలుసో లేదో! నేను మా అమ్మమ్మను తప్పుపట్టలేను. ఐతే ఆమె తనను తాను తప్పుపట్టుకుంది, డెబ్బై ఏళ్ళపాటు. ఆ పిల్లవాడి చావు బతుకులు రాజుల చేతుల్లోంచి జారి ఆమె చేతిలో పడ్డాయి. అదీ యుద్ధం చేసే అసలు పాపం. కత్తి పట్టనివాళ్ళ చేత కూడా లెక్కలు వేయిస్తుంది.

ఈ ఆలోచనల్లోనే గద్వాల చేరాను. కోటగోడ పక్కనుంచి సందుల్లోకి నడిచి, తెలిసినవాళ్ళు చెప్పిన ఓ నేతగాడి ఇంటికి వెళ్ళాను. ఆయన గుంటమగ్గం మీద కూర్చుని ఉన్నాడు. గద్వాల చీర సంగతి మీకు తెలియంది కాదు. నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. "ఈ రెండూ ఎలా కలుస్తాయండీ? కుడతారా?" అని అడిగాను. ఆయన నవ్వి, "కుట్టం అమ్మా, ముడి గూడ ఎయ్యం. నూలు పోగు వచ్చి పట్టుపోగును పట్టుకుంటది. పట్టుపోగు వచ్చి నూలుపోగును పట్టుకుంటది. అంతే. గుంజి చూడండ్రి" అన్నాడు. గుంజాను. రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ సుందర్‌లాల్ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. అంత దారుణంలోనూ తోటి మనుషుల్ని కాపాడిన హిందువులు ఎందరో ఉన్నారనీ, ముఖ్యంగా ఒకే వృత్తిలో ఉన్నవాళ్ళ మధ్య ఆ ఆపేక్ష బాగా కనిపించిందనీ రాశారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్ళు తోటి ముస్లిం నేతగాళ్ళకు అడ్డం నిలబడ్డారట. అందులో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. వాళ్ళ ఊరేదో, పేర్లేమిటో అక్కడ లేదు. వాళ్ళకు మతం తెలియదనా? తెలుసు. కానీ ఎదుటివాడు తమకు 'వాళ్ళు' కాడు. ఫలానా మగ్గం దగ్గర కూర్చునే ఫలానా మనిషి. నిన్న నూలు బదులిచ్చినవాడు. అలా పేరు పెట్టి పిలవగలిగిన మనిషిని మూకతో కలిసి చంపడానికి చెయ్యి రాదు.

రాజుల ఒట్లు రాజులతో పోయాయి. దేశాల ఒప్పందాల మీద సంతకాలున్నాయి, బాంబులూ పడుతున్నాయి. ఐనా ఆ కాగితాలు వృథా అని నేననను. నిలదీయడానికి ఒక ఆధారం కావాలి కదా. ఐతే తలుపు తట్టే చప్పుడైన రాత్రి కాగితం వచ్చి గడియ తీయదు. "వాడు చేసిండు, ఆమె చెయ్యలె" అని విడదీసి చూడగల మనిషి ఇంట్లో ఉండాలి. మన పిల్లలకు తారీఖులతో పాటు ఆ మాట కూడా నేర్పుతున్నామా? టీవీలో ఎక్కడో ఊరు తగలబడుతుంటే, "అలాగే కావాలి వాళ్ళకి" అని అన్నం తింటూ మనమే అనడం లేదూ? నేనూ అన్నాను ఒకటి రెండుసార్లు. అందుకే అడుగుతున్నాను.

చీరలు నాలుగు తీసుకున్నాను. సాయంత్రం తిరుగుబస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. నేనూ పర్సులోంచి ఓ రూపాయి బిళ్ళ తీశాను. ఎవరి పేరున వేద్దామా అని ఆలోచించాను. మీసం వచ్చీరాని ఆ పిల్లవాడి పేరు అమ్మమ్మ చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. పేరు లేకుండానే వేశాను.